బడికి వెళ్లకుండా పది, ఇంటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో సొంతంగా చదువుకుని బోర్డు పరీక్షలు రాయాలనుకునేవాళ్ల నుంచీ వాళ్ల అమ్మానాన్నల నుంచీ వచ్చిన ఉత్తరాల్లోంచి ఎంచినవి ఇవి. పాఠం అర్థం కాలేదన్న ఉత్తరాలు తక్కువ. కాగితం దగ్గర ఆగిపోయామన్నవే ఎక్కువ. అందుకే జవాబుల్లో కాగితాల సంగతి కాస్త విడమరిచాం.

ప్రశ్న: మా అబ్బాయి ఐదో తరగతి తరవాత బడి మానేసి ఇంట్లోనే చదువుతున్నాడు. వచ్చే జూన్‌కు 14 ఏళ్లు నిండుతాయి. చేతిలో ఐదో తరగతి టీసీ తప్ప ఏమీ లేదు. నేరుగా పదో తరగతి పరీక్ష రాయించవచ్చా? ఏ బోర్డులో? – ఒక తల్లి, ఏలూరు

రాయించవచ్చమ్మా. కాకపోతే ‘ప్రైవేటుగా కట్టడం’ అనే మాట దగ్గరే చాలామంది తప్పు దారి పడుతున్నారు. మామూలు ఎస్సెస్సీ బోర్డులో ప్రైవేటు అభ్యర్థులంటే ప్రధానంగా బడి నుంచి ఒకసారి రాసి తప్పినవాళ్లు. సీబీఎస్ఈలోనూ అంతే. తప్పినవాళ్లకు, కంపార్ట్‌మెంట్ (తప్పిన ఒకటి రెండు సబ్జెక్టులకు మళ్లీ పరీక్ష) వచ్చినవాళ్లకు, మార్కులు పెంచుకోదలచినవాళ్లకు, ఢిల్లీలో నివసించే ఆడపిల్లలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తప్ప కొత్తవాళ్లకు అక్కడ ప్రైవేటు ద్వారం లేదు. మీ అబ్బాయి లాంటివాళ్లకు ఉన్న సరైన దారి ఓపెన్ స్కూల్, అంటే రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లో చదివి పరీక్ష రాసే ఏర్పాటు.

అందులో రెండున్నాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఓఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్). 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ పేరుతో మొదలైంది, 2002లో ఇప్పటి పేరు వచ్చింది, ప్రధాన కార్యాలయం నోయిడాలో ఉంది. రెండోది మన రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు, అంటే రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి. రెండు చోట్లా పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. కింది తరగతుల సర్టిఫికెట్లు అడగరు. ఎన్ఐఓఎస్‌లో ‘పదో తరగతి కోర్సు చదవగలిగినంత చదువుకున్నాను’ అని అభ్యర్థి తానే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. టీసీ కోసం పాత బడి చుట్టూ తిరగకండి. కావలసింది పుట్టిన తేదీ రుజువు.

వయసు లెక్క మాత్రం జాగ్రత్తగా చూడండి. రాష్ట్ర ఓపెన్ స్కూళ్లలో ఆగస్టు 31 నాటికి 14 నిండాలి. జూన్‌లో పుట్టినరోజు కాబట్టి ఆ ఏడాదే చేర్పించవచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఏటా రెండు విడతల్లో చేర్చుకుంటారు, ఒక్కో విడతకు ఒక్కో కటాఫ్ తేదీ ఉంటుంది. మార్చి మధ్యలో మొదలయ్యే విడతలో చేరినవాళ్లు మరుసటి ఏడాది ఏప్రిల్-మేలో, సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే విడతలో చేరినవాళ్లు మరుసటి ఏడాది అక్టోబరు-నవంబరులో మొదటిసారి పరీక్ష రాస్తారు. కటాఫ్‌కు ఒక్క రోజు తక్కువైనా తరవాతి విడత దాకా ఆగాల్సిందే.

రెండింటిలో ఏది? తెలుగు మీడియంలో చదివి, ఈ రాష్ట్రంలోనే పై చదువులకు వెళ్లేట్టయితే రాష్ట్ర ఓపెన్ స్కూల్ తేలిక. స్టడీ సెంటర్ (క్లాసులు, ప్రాక్టికల్స్ జరిగే చోటు) ఎక్కువగా దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లోనే ఉంటుంది, ఏదైనా తేడా వస్తే మనిషిని కలిసి అడగొచ్చు. కుటుంబం ఊళ్లు మారేదైతే, లేదా పిల్లవాడు సబ్జెక్టులను రెండు మూడు విడతలుగా రాసుకోవాలనుకుంటే ఎన్ఐఓఎస్ మేలు. అందులోనూ పదో తరగతి తెలుగు మీడియం ఉంది.

ప్రశ్న: ఎన్ఐఓఎస్ దరఖాస్తు నెట్ సెంటర్లో నింపించాలనుకుంటున్నాం. ఏం తీసుకెళ్లాలి? ఎక్కడ తప్పులు జరుగుతాయి? – నిజామాబాదు

పుట్టిన తేదీ రుజువు, ఆధార్, చిరునామా రుజువు, ఇటీవలి ఫొటో, సంతకం, రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువపత్రం. పన్నెండో తరగతికైతే పదో తరగతి మెమో కూడా. వీటిని స్కాన్ చేసి పెట్టుకుంటే నింపడం గంట పని. ఆ గంటకు ముందు చేయాల్సిన పనిని చాలామంది వదిలేస్తారు. కాగితాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి.

మన పేర్లతో చిక్కు ఎక్కువ. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది, ఇంకో కాగితంలో చివరికి చేరుతుంది. పదో తరగతి మెమోలో ఏది అచ్చయితే అదే జీవితాంతం వెంటవస్తుంది. పాస్‌పోర్టుకూ ఉద్యోగానికీ పుట్టిన తేదీకి ఆ మెమోనే చూస్తారు. కాబట్టి ముందు జనన ధ్రువపత్రాన్ని ప్రమాణంగా పెట్టుకుని ఆధార్ సరిచేయించండి, ఆ తరవాతే దరఖాస్తు నింపండి. తల్లిదండ్రుల పేర్లు కూడా వాళ్ల సొంత ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. మెమో వచ్చాక దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది.

అసలు జనన నమోదే జరగలేదా? పుట్టి ఏడాది దాటితే ఆలస్యపు నమోదుకు మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ పని ఆర్డీవో కార్యాలయం ద్వారా నడుస్తుంది. దరఖాస్తుల గడువు తెరిచాక మొదలుపెడితే అందదు, ఆరు నెలల ముందే కదలండి.

రెండో పొరపాటు ఫోన్ నంబరు. నెట్ సెంటర్ అతను తన నంబరో తన ఈమెయిలో ఇచ్చేస్తాడు. పాస్‌వర్డ్, ఓటీపీ, హాల్ టికెట్ కబురు అన్నీ అతనికే పోతాయి. ఆ కొట్టు మూతపడితే మీ అడ్మిషన్ లోపలికి మీరే వెళ్లలేరు. మీ నంబరే ఇవ్వండి, రిజిస్ట్రేషన్ చెల్లే ఐదేళ్లూ ఆ సిమ్ మార్చకండి.

మూడోది స్టడీ సెంటర్ ఎంపిక. జాబితాలో ఇంటికి దగ్గరున్నది చూసి నొక్కేస్తారు. ముందు అక్కడికి ఫోన్ చేసి ‘ఈ సబ్జెక్టు, ఈ మీడియం మీ దగ్గర ఉందా? ప్రాక్టికల్స్ మీరే పెడతారా?’ అని అడగండి. పబ్లిక్ పరీక్ష రాసే కేంద్రం దీనికి వేరుగా ఉండొచ్చని కూడా గుర్తుంచుకోండి. దాన్ని బోర్డే కేటాయిస్తుంది, హాల్ టికెట్ మీద చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది ఫీజు. అడ్మిషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. అడ్మిషన్‌కు కట్టిన రసీదు చూసుకుని ధీమాగా ఉంటే హాల్ టికెట్ రాదు. ఏప్రిల్-మే పరీక్షకు సాధారణంగా డిసెంబరులో, అక్టోబరు-నవంబరు పరీక్షకు జూన్ ప్రాంతంలో పరీక్ష ఫీజు కట్టే గడువు తెరుస్తారు. సబ్జెక్టుకు ఇంత అని ఉంటుంది, ప్రాక్టికల్ ఉన్నదానికి అదనం. రాసిన ప్రతిసారీ కొత్తగా కట్టాలి. నవంబరు నెల మొదటి తారీఖునా మే నెల మొదటి తారీఖునా ఫోన్లో అలారం పెట్టుకోండి.

ప్రశ్న: మా పాపకు లెక్కలంటే భయం. ఓపెన్ టెన్త్‌లో లెక్కలు లేకుండా కూడా పాసవ్వచ్చంటున్నారు. నిజమేనా? – వరంగల్లు

ఎన్ఐఓఎస్‌లో నిజమే. కనీసం ఐదు సబ్జెక్టులు, వాటిలో ఒక భాష తప్పనిసరి, రెండో భాష కూడా తీసుకోవచ్చు. అదనంగా ఇంకో రెండు, అంటే మొత్తం ఏడు దాకా పెట్టుకోవచ్చు. తెలుగు (205), ఇంగ్లిష్ (202), సాంఘికశాస్త్రం (213), గృహవిజ్ఞానం (216), పెయింటింగ్ (225) తీసుకున్నా పదో తరగతి పాసే.

కానీ తొందరపడకండి. లెక్కలు లేని పదితో కొన్ని తలుపులు మూసుకుంటాయి, ఆ సంగతి మూడేళ్ల తరవాత గానీ తెలియదు. పాలిటెక్నిక్‌కు వెళ్లే పాలిసెట్‌కు పదిలో గణితం ఉండాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్లకు గణితం, సైన్సు రెండూ అడుగుతారు. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు పదిలో గణితం, ఇంగ్లిష్ పాసై ఉండాలి, స్థానిక భాష చదివి ఉండాలి. పల్లెల నుంచి ఓపెన్ టెన్త్ రాసే ఆడపిల్లలు ఎక్కువగా ఆశపడే ఉద్యోగం అదే, లెక్కలు లేవని దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నారు.

మా సలహా ఇది. లెక్కలు కాకుండా ఐదు సబ్జెక్టులు పెట్టి, గణితాన్ని (211) ఆరోదిగా చేర్చండి. ఐదూ పాసైతే పది చేతికొస్తుంది. గణితం తప్పినా సర్టిఫికెట్ ఆగదు. ఒకసారి చేసిన రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది పబ్లిక్ పరీక్షల అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉండిపోతాయి, మళ్లీ రాయనక్కర్లేదు. లెక్కల మీద భయం ఉన్న పిల్లకు ‘ఈసారి కాకపోతే ఆరు నెలలకు ఇంకోసారి’ అన్న వెసులుబాటే పెద్ద మందు. 33 శాతం వస్తే పాస్, అదేమంత ఎత్తు గోడ కాదు.

ప్రశ్న: టీఎంఏ అంటే ఏమిటి? పంపకపోతే నష్టమా? ఇంట్లో ల్యాబ్ లేదు, ప్రాక్టికల్స్ ఎలా? – ఒక అభ్యర్థి, కర్నూలు

టీఎంఏ అంటే ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్. ప్రతి సబ్జెక్టుకూ ఉంటుంది. థియరీ మార్కుల్లో 20 శాతం దానివే. పాస్ కావడానికి టీఎంఏలో ఇన్ని రావాలన్న షరతు లేదు. అందుకే ‘అవసరం లేదట’ అన్న మాట పాకింది. పంపనివాడు ఆ 20 శాతాన్ని చేజేతులా పోగొట్టుకుని, మిగతా 80 లోంచే మార్కులు ఏరుకోవాలి. పన్నెండు తరవాత జేఈఈ ద్వారా ఎన్ఐటీలు, ఐఐటీల్లో చేరాలంటే పన్నెండులో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65) లేదా బోర్డులో పై 20 పర్సంటైల్ (మార్కుల్లో పై 20 శాతం మందిలో చోటు) కావాలి. అలాంటివాళ్లకు టీఎంఏ మార్కులే గట్టెక్కిస్తాయి.

ఇంకో సంగతి. పాఠ్యపుస్తకంలోని పాఠాలను ఎన్ఐఓఎస్ రెండుగా విడదీసింది. సుమారు 40 శాతం పాఠాల మీద టీఎంఏలో అడుగుతారు, మిగతా 60 శాతం మీద పబ్లిక్ పరీక్షలో. ఏ పాఠం ఎటు వస్తుందో సబ్జెక్టువారీ పట్టికలో ఉంటుంది. ఆ పట్టికను పుస్తకం మొదటి పేజీకి అతికించుకోకుండా చదవడం మొదలుపెట్టకండి. పుస్తకమంతా ఒకే బరువుతో చదివి అలసిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు.

టీఎంఏ జవాబులు చేత్తో రాయండి, ప్రశ్నలో చెప్పిన పదాల పరిమితి దాటకండి. పైన నమోదు సంఖ్య, సబ్జెక్టు కోడ్ స్పష్టంగా ఉండాలి. స్కాన్ చేశాక ప్రతి పేజీ చదవడానికి వస్తోందో లేదో ఫోన్లో పెద్దది చేసి చూడండి. నీడ పడిన పేజీకి మార్కులు పడవు. అప్‌లోడ్ అయిందన్న తెర ఫొటో తీసి దాచుకోండి. బజార్లో అమ్మే రెడీమేడ్ జవాబుల జోలికి మాత్రం పోవద్దు. ఒకే జవాబు వంద మంది రాసింది దిద్దేవాళ్లకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

ప్రాక్టికల్స్ సంగతి దీనికన్నా బరువైనది. థియరీలో ఎన్ని వచ్చినా ప్రాక్టికల్‌లో విడిగా 33 శాతం రాకపోతే ఆ సబ్జెక్టు తప్పినట్టే. గైర్హాజరైనా అంతే. పన్నెండులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు థియరీ 80, ప్రాక్టికల్ 20. పది పెయింటింగ్‌లో లెక్క తిరగబడుతుంది, రాతకు 30, బొమ్మలకు 70. పదిలో గణితానికి కూడా ప్రాక్టికల్ ఉందని చాలామందికి తెలియదు. ఈ పరీక్షలు సాధారణంగా రాత పరీక్షలకు ముందే అయిపోతాయి. హాల్ టికెట్ వచ్చేదాకా ఆగితే ఒక్కోసారి తేదీ దాటిపోతుంది. పరీక్ష ఫీజు కట్టిన రోజు నుంచే వారానికోసారి స్టడీ సెంటర్‌కు ఫోన్ చేసి తేదీ అడుగుతూ ఉండండి.

ల్యాబ్ లేదని దిగులు వద్దు. స్టడీ సెంటర్‌లో సెలవు రోజుల్లో పెట్టే కాంటాక్ట్ క్లాసులు దీనికోసమే. థియరీ క్లాసులు ఇంట్లో చదువుకోగలిగితే మానేయొచ్చు, ప్రాక్టికల్ క్లాసులు మాత్రం ఒక్కటీ వదలకండి. ప్రాక్టికల్ మాన్యువల్‌లోని ప్రయోగాలను రికార్డు పుస్తకంలో ముందే రాసుకుని వెళ్తే, అక్కడ చేతులతో చేసే పనికే సమయమంతా మిగులుతుంది. బ్యూరెట్‌లో రీడింగ్ తీసుకోవడం, స్క్రూగేజిలో శూన్యాంశ దోషం చూడటం ఒకసారి చేత్తో చేస్తేనే వస్తాయి. వీడియో ఎన్నిసార్లు చూసినా రావు.

ప్రశ్న: సీబీఎస్ఈ పదిలో మూడు సబ్జెక్టులు తప్పాను, రెండు పాసయ్యాను. ఎన్ఐఓఎస్‌లో చేరితే అన్నీ మళ్లీ రాయాలా? – విశాఖపట్నం

అక్కర్లేదు. గుర్తింపు ఉన్న బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు బదిలీ చేస్తారు. దాన్ని టీఓసీ అంటారు. షరతేమిటంటే ఆ సబ్జెక్టులు ఎన్ఐఓఎస్‌లోనూ ఉండాలి, దరఖాస్తులోనే టీఓసీ కోరాలి, అసలు మార్కుల మెమో జతచేయాలి. మిగతా మూడూ రాస్తే చాలు. వాటికి ఎన్ఐఓఎస్ పుస్తకాలే చదవండి. సిలబస్, ప్రశ్నల తీరు రెండూ వేరు, సీబీఎస్ఈ గైడ్లు పట్టుకు కూర్చుంటే మళ్లీ అదే గోడకు తగులుతారు.

ప్రశ్న: పది పాసై మూడేళ్లయింది. బట్టల కొట్లో పనిచేస్తున్నాను. కాలేజీకి వెళ్లకుండా ఇంటర్ బోర్డు పరీక్షే రాయొచ్చా? – కరీంనగర్

రాయొచ్చు. దీన్ని హాజరు మినహాయింపు అంటారు. ఇంటర్మీడియట్ బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది, మినహాయింపు రుసుము కట్టి ప్రైవేటుగా కూర్చోవచ్చు. అయితే ప్రాక్టికల్స్ లేని ఆర్ట్స్ గ్రూపులకే, అంటే హెచ్ఈసీ, సీఈసీ లాంటివాటికే. ఎంపీసీ, బైపీసీ, ఒకేషనల్ కోర్సులకు లేదు. పది పాసై ఏడాదైతే మొదటి ఏడాది పరీక్ష, రెండేళ్లు దాటితే రెండు సంవత్సరాల పరీక్షలూ ఒకేసారి రాయనిస్తారు. మూడేళ్లయింది కాబట్టి మీకు ఆ అవకాశం ఉంది.

ఉండటం వేరు, వాడుకోవడం వేరు. కొట్టు మూసి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే మనిషి రెండేళ్ల సిలబస్‌ను ఒకే మార్చిలో మోయడం కష్టం. ఓపెన్ ఇంటర్‌లో ఐదే సబ్జెక్టులు, విడివిడిగా రాసుకోవచ్చు. డిగ్రీలో చేరడానికి రెండూ ఒకటే. మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకుని ఎంచుకోండి. మేమైతే ఓపెన్ ఇంటర్ అంటాం.

సైన్సు కావాలనుకునేవాళ్లకు కూడా దారి ఓపెన్ స్కూలే. ఎన్ఐఓఎస్ పన్నెండు ఐదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్‌కు అర్హత ఉంది. నీట్‌కు ఓపెన్ స్కూల్ పిల్లలను అనుమతించే విషయంలో ఏళ్ల తరబడి సాగిన వివాదానికి 2024లో తెరపడింది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లిష్ పాసైనవాళ్లు రాయొచ్చు. ఒక షరతు మరవకండి. పదికీ పన్నెండు సర్టిఫికెట్‌కూ మధ్య రెండేళ్ల వ్యవధి ఉండాలి, ఓపెన్ కదా అని ఏడాదిలో పూర్తి చేయడం కుదరదు.

ప్రశ్న: ఇంట్లో చదివి ఓపెన్‌లో రాస్తే మా పిల్లలు ఎంట్రన్సుల్లో నాన్ లోకల్ (స్థానికుల సీట్లకు అర్హత లేనివాళ్లు) అయిపోతారా? – ఒక తండ్రి, ఖమ్మం

చాలా మంచి ప్రశ్న. దీన్ని పదో తరగతి దగ్గరే అడగాలి, కౌన్సెలింగ్ రోజున కాదు.

రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు స్థానిక ప్రాంతంలో చదివితే లోకల్. ఆ నాలుగేళ్లలో అంతా గానీ కొంత గానీ ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే, పరీక్ష మొదలయ్యే తేదీకి ముందు నాలుగేళ్లు అక్కడ నివసించినట్టు చూపితే లోకల్‌గా పరిగణించాలని అందులోనే ఉంది. ఇంటి చదువుల పిల్లలకు ఆధారం ఆ వాక్యమే. బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి, మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రమే ఆ స్థానంలో చూపాలి.

అది ఊరికే రాదు. నాలుగేళ్ల నివాసానికి రుజువులు అడుగుతారు. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందం, పిల్లల పేరుతో ఉన్న ఆధార్ చిరునామా, టీకాల కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఏదైనా సరే, ఏడాదికి ఒకటైనా చొప్పున ఒక సంచిలో వేస్తూ రండి. ధ్రువపత్రంలో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని కాలం స్పష్టంగా రాయించుకోండి. మామూలుగా ఇచ్చే ‘ఇక్కడ నివసిస్తున్నారు’ అన్న కాగితం దీనికి పనికిరాదు.

వైద్య విద్యకు వెళ్లేవాళ్లకు గట్టిగా చెబుతున్నాం. తెలంగాణలో 2024లో సవరించిన నిబంధనలు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండటాన్ని కొలబద్దగా పెట్టాయి. ఎంబీబీఎస్ సీటే గమ్యమైతే, పిల్లవాడు తొమ్మిదో తరగతి ఈడుకు రాకముందే ఆ ప్రాస్పెక్టస్‌లో స్థానికత పేజీ చదివి, ఇంటి చదువు కొనసాగించాలో లేదో తేల్చుకోండి.

ప్రశ్న: ఐజీసీఎస్ఈ (కేంబ్రిడ్జ్ బోర్డు పెట్టే పదో తరగతి స్థాయి పరీక్ష) ప్రైవేటుగా రాయించాలనుకుంటున్నాం. నేరుగా కేంబ్రిడ్జ్‌కు దరఖాస్తు చేయాలా? – హైదరాబాద్

నేరుగా తీసుకోరు. కేంబ్రిడ్జ్ గుర్తింపు ఉన్న బడి ద్వారానే పేరు నమోదు చేయాలి, ఆ బడి ప్రైవేటు అభ్యర్థులను ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలన్న నిర్బంధం వాటికి లేదు. కాబట్టి పరీక్షకు కనీసం ఏడాది ముందే మూడు నాలుగు బడులను అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఫీజులో బోర్డు భాగం ఎంత, బడి తీసుకునేది ఎంత అని విడిగా రాయించుకోండి. మన దేశంలో మార్చి, జూన్, నవంబరు అని మూడు పరీక్షా కాలాలున్నాయి, మార్చిలో అన్ని సబ్జెక్టులూ ఉండవు.

సైన్సు సబ్జెక్టుల్లో (భౌతిక 0625, రసాయన 0620, జీవ 0610) ల్యాబ్‌లో చేసే పేపర్ 5కు బదులు కాగితం మీద రాసే పేపర్ 6 ఉంది. ప్రైవేటుగా రాసేవాళ్లు నమోదు చేయించేటప్పుడు పేపర్ 6 అనే ఆప్షన్ కోడ్ పడిందో లేదో స్వయంగా చూసుకోవాలి. కోర్స్‌వర్క్ ఉన్న సబ్జెక్టుల జోలికి పోవద్దు, దాన్ని బడి టీచరే దిద్ది పంపాలి.

ఇక్కడి పదితో సమానంగా భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం గుర్తించాలంటే ఇంగ్లిష్‌తో కలిపి ఐదు సబ్జెక్టుల్లో సి గ్రేడు లేదా అంతకన్నా పైన రావాలి. నాలుగు సబ్జెక్టులు బాగా రాసి ఆపేసినవాళ్లు ఇంటర్‌లో చేరేటప్పుడు ఇబ్బంది పడతారు.

ప్రశ్న: మా బాబుకు డిస్లెక్సియా. చదివినదంతా నోటితో చెప్తాడు, రాయలేడు. రాసిపెట్టే మనిషిని ఇస్తారా? – తిరుపతి

ఇస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, లేఖకుడు దొరుకుతాయి. మూడు గంటల పేపరుకు ఒక గంట అదనంగా వస్తుందన్నమాట. అధీకృత వైద్య మండలి ఇచ్చిన ధ్రువపత్రాన్ని అడ్మిషన్ దరఖాస్తులోనే జతచేయండి. పరీక్ష ముందు రోజు కేంద్రానికి పట్టుకెళ్తే సూపరింటెండెంట్ చేతిలో ఏమీ ఉండదు. లేఖకుణ్ని మీరే తెచ్చుకుంటే అతను మీ బాబు రాసే పరీక్ష కన్నా కింది చదువువాడై ఉండాలి. దొరికిన మనిషితో కనీసం పది సార్లు ఇంట్లో పేపరు రాయించండి. చెప్పే వేగం, రాసే వేగం కుదరడానికి ఆ మాత్రం పడుతుంది. రసాయన సూత్రాలు, బీజగణిత గుర్తులు పలికే తీరు ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన ‘పరీక్ష రాయక్కర్లేదు, నెలలో పది సర్టిఫికెట్ తెప్పిస్తా’ అంటున్నాడు. – పాలమూరు

వద్దు. ఆ కాగితం నకిలీది, లేదా గుర్తింపు లేని బోర్డుది. ఏ బోర్డు పేరు విన్నా కాబ్సే (దేశంలోని స్కూలు బోర్డుల మండలి) సభ్యుల జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. ఉద్యోగంలో చేరాక సర్టిఫికెట్ పరిశీలనకు పంపితే కొలువు పోవడమే కాదు, కేసు మీ మీద పడుతుంది, ఆయన మీద కాదు.

ప్రశ్న: ఏప్రిల్ పరీక్షకు ఏడాది టైముంది. టీచరు లేకుండా ఎలా చదవాలి? – ఒక అభ్యర్థి, శ్రీకాకుళం

మొదటి వారంలో ఏమీ చదవకండి. గత మూడు నాలుగేళ్ల ప్రశ్నపత్రాలు, సిలబస్ పట్టిక, మాదిరి పత్రం ముందేసుకుని ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు వస్తున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ తరవాత రోజుకు రెండు సబ్జెక్టులు, ఒక్కోదానికి గంటన్నర. ఒకటి లెక్కలో సైన్సో, రెండోది చదివే సబ్జెక్టు. ప్రతి పాఠం చివరి ప్రశ్నలకు పుస్తకం మూసి జవాబు రాయాలి. చదివి తల ఊపితే చాలదు. ఒంటరిగా చదివేవాళ్లలో మేం గమనించే లోపం ఇదే. విషయం తెలుసు, పెన్ను కదలదు. బడి పిల్లలు నెలనెలా పరీక్షలు రాసి రాసి సంపాదించే వేగం ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరూ ఇవ్వరు, కూడబెట్టుకోవాలి.

నవంబరుకు ఒక చుట్టు పూర్తి కావాలి. డిసెంబరులో పరీక్ష ఫీజు, టీఎంఏలు. జనవరి నుంచి వారానికి ఒక పూర్తి పేపరు, గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా. రాసింది ఇంకొకరి చేత దిద్దించండి. దగ్గరి హైస్కూల్లో రిటైరైన మాస్టారు ఒక్కరైనా ఉంటారు, అడిగితే కాదనరు. దిద్దేటప్పుడు ఆయన్ని మార్కులు కాదు, ‘ఇక్కడ మార్కు ఎందుకు పోయింది’ అన్న ఒక్క వాక్యం రాయమనండి. ఆ వాక్యాలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించండి. మార్చిలో తిరగేయాల్సింది అదే.

హాల్ టికెట్ రాగానే పేరు, సబ్జెక్టు కోడ్లు, మీడియం, ఫొటో చూడండి. తేడా ఉంటే ఆ రోజే ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. పరీక్షకు ముందు రోజు కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి. ఇచ్ఛాపురంలో ఉండేవాళ్లకు శ్రీకాకుళంలో కేంద్రం పడితే పొద్దున బస్సు వేళలు చూసుకోవడం కూడా ప్రిపరేషన్‌లో భాగమే. పాసయ్యాక మార్కుల మెమోతో పాటు మైగ్రేషన్-కమ్-ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇస్తారు. కాలేజీలో టీసీ అడిగితే ఇవ్వాల్సింది దాన్నే. అసలు ఇచ్చేముందు రెండు జిరాక్సులు తీసి దాచుకోండి.